ముట్టుకుంటే మానిటర్ మోగుతోంది, పాపతో మాట్లాడొచ్చా?

ప్రశ్న: మా పాప 28వ వారంలో 1,050 గ్రాముల బరువుతో పుట్టింది. ఇప్పుడు గర్భం లెక్కన 31 వారాలు. మొదటి 9 రోజులు వెంటిలేటర్ మీద ఉంచారు. ఇప్పుడు సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే యంత్రం) మీద ఉంది, పాలు ట్యూబుతో పడుతున్నారు. ఆపరేషన్ గాయం ఇంకా మానక నా భార్య రోజూ రాలేకపోతోంది. సాయంత్రం పూట నేను వెళ్తున్నాను. చెయ్యి పెట్టి నిమిరితే చాలు, మానిటర్ మోగుతుంది. భయమేసి ముట్టుకోవడమే మానేశాను, పక్కన నిలబడి చూసి వచ్చేస్తున్నాను. నా భార్య గొంతు ఫోన్‌లో రికార్డు చేసి ఇంక్యుబేటర్‌లో పెట్టొచ్చా? నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయంటున్నారు. ఇప్పటినుంచే చేయాల్సింది ఏమైనా ఉందా?

జవాబు: ముందుగా, ముట్టుకోవడం మానేయకండి. మానాల్సింది నిమరడం. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

31 వారాల పాప చర్మం పల్చగా ఉంటుంది. చర్మం నుంచి వచ్చే కబుర్లలో ఏది ముఖ్యమో, ఏది వదిలేయొచ్చో తేల్చుకునే శక్తి మెదడుకు ఇంకా రాలేదు. మనకు చొక్కా ఒంటికి తగులుతున్నట్టు నిమిషం తర్వాత తెలియదు. పాపకు అలా కాదు. వేలితో నిమిరినప్పుడు ప్రతి కదలికా కొత్తగా తగిలినట్టే ఉంటుంది. దానికి స్పందిస్తూ ఊపిరి తీయడంలో తడబడుతుంది, ఎందుకంటే ఊపిరిని నడిపే మెదడు భాగం కూడా ఇంకా పక్వానికి రాలేదు. ఊపిరి తడబడితే ఆక్సిజన్ శాతం పడిపోతుంది, ఆ వెనకే గుండె వేగం తగ్గుతుంది, మానిటర్ మోగుతుంది. ఇందులో మీ చెయ్యి చేసిన తప్పేమీ లేదు. పాప మీద ప్రేమతో నిమిరారు. అంత తేలికగా కదిలే స్పర్శను పాప ఇంకా తట్టుకోలేదు, అంతే. పాప తట్టుకోగలిగేది కదలని, నిండైన చెయ్యి. (కొన్నిసార్లు పాదానికి చుట్టిన సెన్సర్ కదిలినా అలారం మోగుతుంది. అప్పుడు పాప రంగు మారదు, ఊపిరి మామూలుగానే ఆడుతుంటుంది. ఏది ఏ మోతో సిస్టర్‌ను అడిగి ఒకసారి తెలుసుకోండి, సగం భయం తగ్గుతుంది.)

చెయ్యి ఎలా పెట్టాలో వివరంగా చెప్తాం. గడియారం, ఉంగరాలు తీసేసి మోచేతుల దాకా కడుక్కోండి, ఆసుపత్రి వాళ్లు చెప్పిన ద్రవంతో రుద్దుకుని ఆరనివ్వండి. రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చబరచండి, చల్లటి చెయ్యి తగిలితే చాలు పాప ఉలిక్కిపడుతుంది. ఇంక్యుబేటర్ గుండ్రటి తలుపు తీసేటప్పుడు గడియను వేలితో అదిమి పట్టుకుని మెల్లగా తీయండి. దాన్ని టక్కున వదిలితే మనకు చిన్న చప్పుడే, లోపల ఉన్న పాపకు మాత్రం చెవి పక్కన తలుపు కొట్టినట్టు ఉంటుంది. తలుపు తీశాక వెంటనే ముట్టుకోకండి. ముందు గొంతు వినిపించండి. ‘చిట్టితల్లీ, నాన్నను, వచ్చాను’ అని మెల్లగా ఒక్కమాట. ఆగి చూడండి. ఊపిరి అలాగే సాగుతుంటే ఒక అరచేతిని తల మీద టోపీలా మూసి ఉంచండి. రెండో చేతిని పాదాల కింద దొన్నెలా పెట్టి, ముడుచుకున్న కాళ్లను పొట్టవైపు కొంచెం ఆనించి పట్టుకోండి. ఒత్తకూడదు, అలాగని గాలిలా తేలకూడదు. మీ చెయ్యి బరువు పాపకు తెలియాలి. అలాగే కదలకుండా ఉండండి.

మొదటి రోజు ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాల్లో ఏం జరుగుతుందో గమనించండి. మొదట్లో వేళ్లు విచ్చుకుని ఉండొచ్చు, నుదుటి మీద ముడతలు ఉండొచ్చు. రెండు మూడు నిమిషాలకు వేళ్లు మూసుకుంటాయి, భుజాలు దిగుతాయి, పాదం మీ అరచేతిని ఒకసారి తన్ని ఆనుకుని ఉండిపోతుంది. కడుపులో గర్భాశయం గోడను అలాగే తన్ని ఆనుకునేది. తీసేటప్పుడు రెండు చేతులూ ఒకేసారి లాగేయకండి. ముందు పాదాల కింది చెయ్యి తీయండి, దాని స్థానంలో చుట్టిన బట్ట అంచు ఆనేలా సర్దమని సిస్టర్‌ను అడగండి. తల మీది చెయ్యి చివరగా, మెల్లగా బరువు తగ్గిస్తూ తీయండి.

ఇప్పుడు మాటల సంగతి. ఇప్పటినుంచే చేయాల్సింది ఏమైనా ఉందా అని అడిగారు. ఉంది. కానీ అది పాపకు ఏదో నేర్పడం కాదు. పాప ఇప్పటికే మాట్లాడుతోంది. ఆ మాటలు ఒంటితో వస్తున్నాయి కాబట్టి మనకు అవి మాటల్లా కనిపించడం లేదు. దాన్ని చదివి జవాబివ్వడమే మీరు చేయాల్సిన పని. ‘నేను ఏదైనా చేస్తే అవతలి నుంచి ఏదో వస్తుంది’ అన్న అనుభవం పాపకు వందల సార్లు కలగాలి. రేపటి ‘అత్త’, ‘తాత’ నిలబడేది ఆ అనుభవం మీదే.

ఈ చూపును 1982లో పద్ధతిగా రాసి పెట్టినవారు హైడలీస్ ఆల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. నెలలు నిండని బిడ్డ ఒంట్లో ఊపిరి-రంగు, కదలికలు, నిద్ర-మెలకువ, చుట్టూ చూడటం ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయని, కింది పొర కుదిరితేనే పై పొర నిలబడుతుందని ఆమె చెప్పారు. ఊపిరి కుదరనప్పుడు కళ్లు తెరిచి చూడమంటే పాపకు అది మోయలేని పని. మీ పాప విషయంలో రోజూ పనికొచ్చేది ఈ ఒక్క సూత్రమే. ఏం చేయాలన్నా ముందు ఊపిరి, రంగు చూడాలి.

పాప ‘చాలు’ అని ఎలా చెప్తుంది? వేళ్లు నక్షత్రంలా విచ్చుకుంటాయి. చెయ్యి ముఖానికి అడ్డంగా, గాల్లోకి చాచి ఆపమన్నట్టు పెడుతుంది. వీపు విల్లులా వంచుతుంది. తుమ్ములు, ఎక్కిళ్లు, వరసగా ఆవలింతలు వస్తాయి. చాలామంది తల్లిదండ్రులు ఇవి చూసి ముచ్చటపడతారు, అలా ముచ్చటపడటం సహజమే. కానీ ఈ వయసులో మనం ఏదైనా చేస్తున్నప్పుడు వెంటవెంటనే వచ్చే తుమ్ము, ఎక్కిలి, ఆవలింత ఎక్కువసార్లు అలసటకు గుర్తు. పెదవుల చుట్టూ తెల్లబడటం లేదా నీలంగా మారడం, చర్మం మీద మచ్చలు మచ్చలుగా రంగు తేలడం, కళ్లు తిప్పుకోవడం, ఉన్నట్టుండి ఒళ్లంతా వాలిపోయి మెత్తబడటం ఇంకాస్త గట్టి మాటలు. మానిటర్ అలారం చాలాసార్లు చివర వచ్చే మాట. దానికి ముందే పాప మూడు నాలుగు సార్లు చెప్పి ఉండొచ్చు. అందుకే తెర వైపు కాకుండా పాప చేతుల వైపు చూడటం అలవాటు చేసుకోండి.

‘బాగుంది, ఉండు’ అనేదానికీ గుర్తులున్నాయి. చెయ్యి నోటి దగ్గరికి తెచ్చుకోవడం, బట్టనో మీ వేలినో పట్టుకోవడం, ముఖం మెత్తబడటం, కనుబొమలు కొంచెం పైకి లేచి పెదవులు సున్నాలా గుండ్రంగా ముందుకు రావడం, ఊపిరి ఒక లయలో సాగడం. నిద్రలో వచ్చే చిరునవ్వు మిమ్మల్ని చూసి నవ్వింది కాదు. మిమ్మల్ని చూసి నవ్వే రోజు తర్వాత వస్తుంది, దాని లెక్క కింద చెప్తాం.

‘చాలు’ అన్నప్పుడు మీరు చేయాల్సినది ఆగడం. ఆగడమే జవాబు. మాట్లాడుతుంటే మాట ఆపండి, చెయ్యి మాత్రం కదపకుండా ఉంచండి. కళ్లలోకి చూస్తుంటే చూపు తప్పించండి. ఊపిరి కుదిరేదాకా వేచి చూసి, కుదిరితే మళ్లీ మెల్లగా మొదలుపెట్టండి. కుదరకపోతే ఆ సాయంత్రానికి అంతే. ముఖం తిప్పుకుందని అటువైపు వెళ్లి మళ్లీ కళ్లల్లో పడటం, ‘ఇటు చూడు ఇటు చూడు’ అని చిటికెలు వేయడం వద్దు. తను అడిగిన విరామం దొరికిన పాప మళ్లీ తిరిగి చూస్తుంది. దొరకని పాప కళ్లు మూసేసుకుని నిద్ర నటించినట్టు అన్నీ మూసేస్తుంది.

ఇంకో సంగతి. మీ పాప వెంటిలేటర్ మీద ఉన్న 9 రోజులూ ఏడ్చినా శబ్దం వచ్చి ఉండదు. ఊపిరి గొట్టం స్వరతంత్రుల మధ్య నుంచే వెళ్తుంది కాబట్టి గొంతు పలకదు. ముఖం మాత్రం ఏడుస్తుంది, నోరు తెరుచుకుంటుంది, గడ్డం వణుకుతుంది. అంటే పాప 9 రోజులు పిలిచినా తన చెవికి తన గొంతే వినిపించలేదు. గొట్టం తీశాక కొన్నాళ్లు గొంతు బొంగురుగా, బలహీనంగా ఉండటం మామూలే. సీప్యాప్ గాలి హోరులో ఆ చిన్న మూలుగు సరిగా వినిపించదు. కాబట్టి మూలుగు వినిపించినప్పుడు, ఎంత చిన్నదైనా, వెంటనే ‘ఊఁ, విన్నానమ్మా’ అనండి. గొంతు మరీ కీచుగా ఉన్నా, ఊపిరి పీల్చేటప్పుడు ఈల లాంటి శబ్దం వచ్చినా, ఇంటికి వెళ్లే నాటికి కూడా బొంగురు తగ్గకపోయినా డాక్టర్‌కు చెప్పండి.

పాప వింటుందా అని సందేహం అక్కర్లేదు. లోపలి చెవి 25 వారాల ప్రాంతంలో పనిచేయడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత కడుపులో ఉన్న బిడ్డకు అందేది ఎక్కువగా మందమైన శబ్దాలు. తల్లి గుండె చప్పుడు, రక్తం పారే హోరు, ఆమె వెన్నెముక గుండా, ఒంటి గుండా వచ్చే ఆమె గొంతు. పదునైన, కీచు శబ్దాలను తల్లి ఒళ్లు చాలావరకు ఆపేస్తుంది. ఇంక్యుబేటర్‌లో దీనికి తలకిందులుగా ఉంటుంది. అలారాలు, ప్లాస్టిక్ చప్పుళ్లు, స్టీలు గిన్నెల మోత పదునుగా లోపలికి వస్తాయి. మనిషి మాట మాత్రం గోడ అడ్డమై మందగించి వస్తుంది. ఇలాంటి పిల్లలను చూసుకునే ప్రత్యేక విభాగాల్లో (ఎన్ఐసీయూ) సగటు శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని, క్షణం పాటైనా 65 మించకూడదని నిపుణుల ప్రమాణాలు చెప్తాయి. మీటరు దూరంలో ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటేనే 60 దగ్గర ఉంటుంది. కాబట్టి చాలా చోట్ల 45 దక్కడం కష్టమే. మీ చేతిలో ఉన్నవి మీరు చేయండి. ఇంక్యుబేటర్ పైకప్పు మీద ఫోన్, ఫైల్, సీసా ఏదీ పెట్టకండి, అద్దం మీద వేలితో తట్టకండి, ఫోన్ వైబ్రేషన్ కూడా ఆపేయండి, పక్కన నిలబడి మరొకరితో కబుర్లు చెప్పకండి.

అలాగని నిశ్శబ్దమే మందు అనుకోకండి. 2014లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో, పెద్ద హాల్లో ఉన్న పిల్లలకన్నా ప్రత్యేక గదుల్లో పెరిగిన పిల్లలే రెండేళ్లకు భాషలో వెనకబడి కనిపించారు. తల్లిదండ్రులు ఎక్కువసేపు ఉండలేని చోట, ప్రశాంతమైన గది అంటే ఎవరూ పలకరించని గది అవుతుంది. 2011లో అమెరికాలోనే మరో బృందం 1,250 గ్రాములు, అంతకన్నా తక్కువ బరువుతో పుట్టిన పిల్లల దగ్గర 32 వారాలప్పుడు, 36 వారాలప్పుడు 16 గంటల చొప్పున శబ్దాలు రికార్డు చేసింది. 32 వారాలకే ఆ పిల్లలు చిన్న చిన్న శబ్దాలు చేస్తున్నారు. అమ్మానాన్నలు వచ్చి మాట్లాడినప్పుడు వాళ్ల శబ్దాలు, ఒకరి తర్వాత ఒకరు పలికే వంతులు పెరిగాయి. 2014లో అదే బృందం ఆ పిల్లలను మళ్లీ చూసింది. అప్పట్లో పెద్దవాళ్ల మాటలు ఎక్కువ విన్నవారికి 7, 18 నెలల సవరించిన వయసులో (పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కించే వయసు) పరీక్షల మార్కులు ఎక్కువ వచ్చాయి. ఎక్కువ వచ్చి మాట్లాడగలిగిన కుటుంబాలకు వేరే అనుకూలతలు కూడా ఉండొచ్చు కాబట్టి మాటలొక్కటే కారణమని మేము తేల్చి చెప్పం. కానీ ఇది ఖర్చు లేని పని. మెల్లగా, పాపను చూస్తూ చేస్తే చేటు కూడా లేదు.

ఎలా మాట్లాడాలి? గుండ్రటి తలుపు తీసి మాట్లాడండి. అద్దం బయట నుంచి గొంతు పెంచి మాట్లాడితే పాపకు అందేది మాట కాదు, రొద. గుసగుస వద్దు. గుసగుసలో గొంతు పలకదు, బుసలాంటి శబ్దమే మిగులుతుంది. పక్కనున్న మనిషికి మాత్రమే వినిపించేలా, గొంతు పలికేలా, కొంచెం సాగదీసి, ఎత్తుపల్లాలతో మాట్లాడండి. ఇంట్లో మాట్లాడే భాషే మాట్లాడండి. ఏం చెప్పాలో తోచకపోతే ఆ రోజు దారిలో చూసింది చెప్పండి, రాగం వస్తే కూనిరాగం తీయండి. ఒక వాక్యం అయ్యాక మనసులో పది లెక్కపెట్టండి. నెలలు నిండని పిల్లల జవాబు ఆలస్యంగా వస్తుంది. మనం మూడో లెక్కకే ఇంకో మాట అందుకుంటే వాళ్ల వంతు ఎప్పటికీ రాదు. ఆ పది లెక్కల్లో కనురెప్ప కదలొచ్చు, ఊపిరి లయ మారొచ్చు, వేలు ముడుచుకోవచ్చు. అది తన వంతు. ‘విన్నావా, అవునా’ అని మీ వంతు తీసుకోండి.

ఒకటి కుదిరాకే ఇంకోటి కలపండి. చెయ్యి, మాట, చూపు మూడూ కలిపి ఇవ్వకండి. 31 వారాలకు చెయ్యి, దాని తర్వాత మాట, ఈ రెండూ చాలు. కళ్లు తెరిస్తే మీ ముఖం 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచి ఊరుకోండి. లైటు నేరుగా పడుతుంటే అరచెయ్యి అడ్డం పెట్టండి, ఆ నీడలో కళ్లు తెరవడం మీరే చూస్తారు. కంటిపాప వెలుతురుకు కుంచించుకోవడం ఈ వారాల్లోనే మొదలవుతోంది కాబట్టి అంతకుముందు దాకా తన కళ్లకు మూతే రక్షణ. నలుపు తెలుపు బొమ్మల కార్డులు, పాటలు పాడే బొమ్మలు ఇంక్యుబేటర్‌లో వద్దు.

ఇక మీ రికార్డింగ్ ప్రశ్న. మేము దాన్ని రెండో ఎంపికగానే చూస్తాం, కారణం ఒక్కటే. పాప ‘చాలు’ అన్నా రికార్డింగ్ ఆగదు. ‘ఊఁ’ అన్నా జవాబివ్వదు. పైన చెప్పిందంతా వంతుల మీద నడుస్తుంది, రికార్డింగ్‌కు వంతులు తెలియవు. దీనికి తోడు ఫోన్ మీద క్రిములుంటాయి, మూసిన పెట్టెలో శబ్దం గోడలకు తగిలి పెరుగుతుంది, చెవి పక్కన ఎంత మోగుతోందో బయట ఉన్నవారికి తెలియదు. విభాగం వాళ్లు ఒప్పుకుంటే దీనికన్నా మంచి దారి ఉంది. మీరు తలుపు తీసి చేతులు పెట్టి ఉన్నప్పుడు సిస్టర్ ఫోన్ పట్టుకుంటే మీ ఆవిడ అవతలి నుంచి ఆ క్షణంలోనే మాట్లాడగలరు. మీరు కళ్లుగా పనిచేయండి. ‘వేలు పట్టుకుంది, ఇంకో మాట చెప్పు’, ‘చెయ్యి చాచింది, ఆగు’ అని ఆమెకు చెప్తుండండి. ఫోన్ ఇంక్యుబేటర్ బయటే, తలుపుకు దూరంగా, తక్కువ శబ్దంలో. ఇదీ కుదరక రికార్డింగే పెట్టాల్సి వస్తే, ఎంత శబ్దంలో, ఎక్కడ పెట్టాలో విభాగం వాళ్లే నిర్ణయించాలి. ఎవరో ఒకరు పాపనే చూస్తూ పక్కన ఉండాలి, నిద్రలో ఉన్నప్పుడు పెట్టకూడదు. వాసన పంపడం సులువు. మీ ఆవిడ ఛాతీ మీద కొన్ని గంటలు పెట్టుకున్న శుభ్రమైన చిన్న గుడ్డను పాప తల దగ్గర ఉంచడానికి చాలా విభాగాలు ఒప్పుకుంటాయి, అడగండి.

ఆమె నడవగలిగిన రోజున, అంతకుముందు మీరే, కంగారూ సంరక్షణ (పాపను ఛాతీకి ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టుకోవడం) అడగండి. కొలంబియా రాజధాని బొగోటాలో 1978లో ఎడ్గార్ రే అనే డాక్టర్ ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి ఇది. 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లల మీద ఇండియా సహా 5 దేశాల్లో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, పుట్టగానే మొదలుపెట్టిన కంగారూ సంరక్షణ వల్ల 28 రోజుల లోపు మరణాలు పావు వంతు తగ్గాయి. 2022 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు చేయమంటోంది. సీప్యాప్ ఉండటం దానికి అడ్డు కాదు. చొక్కా విప్పి, వెనక్కి వాలిన కుర్చీలో కూర్చోండి. పాపకు డైపర్, టోపీ తప్ప ఏమీ ఉండకుండా మీ ఛాతీ మీద నిలువుగా, కాళ్లు కప్పలా ముడిచి, తల ఒక పక్కకు తిప్పి, మెడ ముందుకు వంగిపోకుండా పెడతారు. మెడ వంగితే ఊపిరి దారి మూసుకుంటుంది కాబట్టి అది ఒక్కటీ మీరూ చూస్తుండండి. పైన బట్ట కట్టుకోవాలి. ఎత్తి పెట్టేటప్పుడే పాపకు ఎక్కువ కష్టం. పెట్టిన పది పదిహేను నిమిషాల దాకా అంకెలు ఎగుడుదిగుడుగా ఉండొచ్చు, తర్వాత కుదురుతాయి. అందుకే గంట కన్నా తక్కువ చేయకండి, పావుగంట కోసం రెండుసార్లు కదిలించడం నష్టమే. సెంటు, సిగరెట్ వాసన ఉండకూడదు. జలుబు ఉంటే ఆ రోజు మానండి. ఛాతీ మీద ఉన్నప్పుడు మీరు చెప్పే మాట గాలిలో కన్నా ఒంట్లోంచి ఎక్కువ అందుతుంది. మగ గొంతు మందంగా ఉంటుంది కాబట్టి మీరు ‘ఊఁ’ అంటే ఆ అదురు తన చెంపకు తగులుతుంది.

మీరు సాయంత్రమే వెళ్లగలరు కాబట్టి వేళ కూడా చూసుకోండి. ఈ వయసులో రోజులో ఎక్కువ భాగం నిద్రే, అందులోనూ కళ్లు రెప్పల కింద కదిలే చురుకు నిద్ర ఎక్కువ. మెదడు ఎదగడానికి ఆ నిద్ర చాలా అవసరం కాబట్టి మాట్లాడటం కోసం లేపకండి. డైపర్ మార్చడం, పాలు పట్టడం సాధారణంగా 2 లేదా 3 గంటలకోసారి ఒక వరసలో చేస్తారు. ఏ వేళల్లో చేస్తారో అడిగి, వాటిలో ఒకటి మీరున్నప్పుడు పడేలా సర్దమనండి. డైపర్ మార్చే పని మీరే నేర్చుకోండి, పాప ఎలాగూ లేస్తుంది, తర్వాత దొరికే నాలుగైదు నిమిషాల నిశ్శబ్దమైన మెలకువ మీదే. మడమకు సూది గుచ్చి రక్తం తీసే వేళ మీరుంటే బయటికి వెళ్లిపోకండి. గుచ్చకముందే రెండు చేతులతో తల, పాదాలు పైన చెప్పినట్టు పట్టుకుని, అయ్యాక ఊపిరి కుదిరేదాకా వదలకండి. నొప్పి తగ్గించడానికి నాలుక మీద వేసే తీపి చుక్కల గురించి సిస్టర్‌ను అడగండి.

నోటి గురించి కొంచెం. ఇప్పటిదాకా పాప నోటికి తెలిసింది గొట్టాలు, టేపులు, సక్షన్ (గొట్టంతో కఫం లాగేయడం) మాత్రమే. మింగడం, పలకడం రెండూ ఆ నోటితోనే నేర్చుకోవాలి, కాబట్టి నోటికి మంచి కూడా తెలియాలి. ట్యూబుతో పాలు వెళ్తున్నంతసేపు, చేయి నోటి దగ్గరికి చేరేలా సర్దండి. అనుమతి ఉంటే చప్పరించే చిన్న పీకనో (పాసిఫయర్), తర్వాత పాలు పిండేసిన రొమ్మునో చప్పరించనివ్వాలి. ఇలా చప్పరించిన పిల్లలు ట్యూబు నుంచి నోటి పాలకు త్వరగా మారతారు. చప్పరింపు, మింగడం, ఊపిరి మూడూ కుదిరేది 34 వారాల ప్రాంతంలో. అప్పుడు పాలు పట్టేటప్పుడు మళ్లీ అవే గుర్తులు వస్తాయి. కనుబొమలు లేచి కళ్లు పెద్దవైతే, వేళ్లు విచ్చుకుంటే, పాలు పెదవి పక్కన కారితే ఆపమని అర్థం. ‘ఇంకో 5 మిల్లీలీటర్లే కదా’ అని సీసా తిప్పి తిప్పి పట్టొద్దు. అలా చేస్తే ఊపిరి ఆగుతుంది, కొన్నాళ్లకు పాలంటేనే ముఖం తిప్పుకుంటుంది. తను చెప్పింది ఎవరూ వినలేదన్న పాఠం నేర్చుకుంటుంది.

మాటలు ఆలస్యమవుతాయన్నారట. నెలలు నిండిన పిల్లలకన్నా ఈ పిల్లల్లో భాష ఆలస్యం ఎక్కువే, అది దాచం. చాలామంది అందుకుంటారు కూడా. లెక్క మాత్రం సరిగా వేసుకోండి. మీ పాప 12 వారాలు ముందు పుట్టింది, అంటే దాదాపు 3 నెలలు. రెండేళ్లు నిండేదాకా క్యాలెండర్ వయసులో ఆ 3 నెలలు తీసేసి చూడాలి. మిమ్మల్ని చూసి నవ్వడం, ‘ఊఁ’ ‘ఆఁ’ అనడం సవరించిన వయసు 6 నుంచి 8 వారాలకు వస్తాయి, అంటే పుట్టిన 5వ నెల దగ్గర. ‘బాబాబా’, ‘దాదాదా’ లాంటివి 6 నుంచి 9 నెలల మధ్య, క్యాలెండర్ ప్రకారం 9 నుంచి 12 నెలలు. ఆ లోపు పక్కింటి పిల్లతో పోల్చి కుంగిపోకండి. కానీ సవరించిన 3 నెలలకు గొంతు విని కదలకపోతే, 10 నెలలకు అక్షరాల వరస లేకపోతే, ఏడాదికి వేలు చూపించడం, టాటా చెప్పడం లేకపోతే, 16 నెలలకు ఒక్క మాటా రాకపోతే, వచ్చిన మాట ఎప్పుడు పోయినా, ఆగకుండా చూపించండి.

చివరిగా వినికిడి పరీక్ష. ఇది తప్పిపోతే మిగతావన్నీ ఆలస్యమవుతాయి. ఎన్ఐసీయూలో 5 రోజులకన్నా ఎక్కువ ఉన్న పిల్లలకు ఓఏఈ అనే వినికిడి పరీక్ష ఒక్కటే సరిపోదు, ఏఏబీఆర్ అనే పరీక్ష చేయాలి. ఓఏఈ లోపలి చెవి దాకానే చూస్తుంది. అక్కడి నుంచి నరం ద్వారా మెదడుకు కబురు వెళ్తోందా అన్నది ఏఏబీఆర్ చెప్తుంది. ఈ పిల్లల్లో ఆ నరంలో లోపం ఉండే అవకాశం మిగతా పిల్లలకన్నా ఎక్కువ. ఇంటికి పంపే ముందు చేయించమని అడగండి. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి మందులు 5 రోజులకు మించి ఇచ్చారా, కామెర్లకు రక్తమార్పిడి జరిగిందా, మెదడుపొరల వాపు వచ్చిందా అన్నది డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి, అవుననైతే పరీక్ష బాగా వచ్చినా మళ్లీ ఎప్పుడు చేయించాలో తేదీ కూడా అడగండి. ఒక చెవిలోనైనా పాస్ కాకపోతే ‘చిన్న పిల్ల, తర్వాత చూద్దాం’ అని వదలకండి. సవరించిన వయసు 3 నెలల లోపు పూర్తి పరీక్ష, అవసరమైతే 6 నెలల లోపు వినికిడి యంత్రం, ఇదీ గడువు.